మౌనం జవాబు కాదు
(ఉద్యోగార్థులు, వారి తల్లిదండ్రుల కోసం ఏర్పాటైన అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



దరఖాస్తు ఎలా రాయాలో, ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడాలో నాకు ముందు మాట్లాడిన వక్తలు చక్కగా వివరించారు. ఆ రెంటికీ మధ్య గడిచే కాలాన్ని గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. దరఖాస్తు పంపిన నాటి నుంచి అవుననో కాదనో ఒక జవాబు చేతికందే వరకు ఉద్యోగార్థి చేయవలసిన పని ఒకటున్నది. దానినే కార్యాలయ భాషలో ‘పర్స్యూ’ చేయడమంటారు, నేటి యువత ‘ఫాలోఅప్’ అంటున్నది. పేరేదైనా, మన పిల్లలలో అత్యధికులు చేయకుండా వదిలేస్తున్న పని అదే.

పదవీ విరమణ తరువాత మా బస్తీలో ఉద్యోగార్థులకు దరఖాస్తులు నింపడంలో సాయం చేస్తూ వస్తున్నాను. వచ్చిన ప్రతి పిల్లవాడూ చెప్పే మాట ఒక్కటే: “చాలా చోట్ల అప్లై చేశాను చాచా, ఎక్కడినుంచీ ఏమీ రాలేదు.” ఎన్ని చోట్ల అని అడిగితే లెక్క తెలియదు. ఏ ఉద్యోగానికి, ఏ తేదీన, ఎవరి పేరిట పంపావని అడిగితే జవాబుండదు. పంపిన తరువాత ఒక్కసారైనా కనుక్కున్నావా అంటే, “వాళ్లే పిలుస్తారు కదా” అంటాడు. పిలుపు రాకపోతే తన చదువును నిందించుకుంటాడు, లేదా తన పేరును తలచుకుని నిట్టూరుస్తాడు. రెండింటిలో ఏది నిజమో తేల్చుకునేందుకు అతని చేతిలో ఒక్క కాగితం కూడా ఉండదు.

పేరును తలచుకుని నిట్టూర్చడం కేవలం అపోహ అని నేను అనను. సచార్ కమిటీ 2006లో సమర్పించిన నివేదిక ప్రకారం ఐ.ఎ.ఎస్.లో ముస్లింలు 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం, ఐ.ఎఫ్.ఎస్.లో 1.8 శాతం మాత్రమే. ప్రైవేటు రంగాన్ని గురించి 2007లో ఆచార్య సుఖదేవ్ థోరట్, ఆచార్య పాల్ అట్వెల్ ఒక పరిశీలనను ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో ప్రచురించారు. పత్రికలలో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 66 వారాల పాటు 4,808 దరఖాస్తులను పంపి చూశారు. సమానమైన అర్హతలు చూపి, పేరు మాత్రం ఒకచోట అగ్రవర్ణ హిందువుదిగా, ఒకచోట దళితునిదిగా, ఒకచోట ముస్లిందిగా పెట్టారు. అగ్రవర్ణ హిందూ పేరుతో పోల్చినప్పుడు ముస్లిం పేరున్న దరఖాస్తుకు అనుకూల స్పందన వచ్చే అవకాశపు నిష్పత్తి సుమారు మూడింట ఒక వంతుగా తేలింది.

మిత్రులారా, ఈ పరిశీలన నుంచి కొందరు “ఇక దరఖాస్తు చేసి ప్రయోజనమేమి?” అన్న పాఠం తీసుకుంటారు. నేను తీసుకున్న పాఠం వేరు. ఆ ఇద్దరు ఆచార్యులకు వివక్ష ఎలా కనబడింది? ఏ దరఖాస్తు ఎప్పుడు, ఎక్కడికి వెళ్లిందో, దానికి ఏ జవాబు వచ్చిందో ఒక్కొక్కటిగా రాసి పెట్టుకున్నారు కనుక కనబడింది. లెక్క రాయకపోయి ఉంటే వారికీ ఒక అనుమానమే మిగిలేది. మౌనానికి కారణాలు అనేకం. మెయిలు స్పామ్‌లో పడి ఉండవచ్చు, ఆ ఖాళీ రద్దయి ఉండవచ్చు, చూడవలసిన ఉద్యోగి సెలవులో ఉండవచ్చు, మన అర్హత చాలకపోయి ఉండవచ్చు, మన పేరే అడ్డుపడి ఉండవచ్చు. అడగని వారికి ఇవన్నీ ఒకే విధంగా కనిపిస్తాయి. అడిగినవారికే తేడా తెలుస్తుంది. అందుకే మౌనాన్ని జవాబుగా అంగీకరించవద్దని నా మనవి.

ఇందుకు కొత్త పద్ధతినేమీ కనిపెట్టనక్కరలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మన ప్రభుత్వ కార్యాలయాలలో టాటెన్‌హామ్ పద్ధతి అని ఒకటి నడుస్తూ వచ్చింది. గుమాస్తా చేతికి వచ్చిన ప్రతి కాగితమూ అతని పర్సనల్ రిజిస్టరులో ఒక నంబరుతో ఎక్కుతుంది. ఎవరికి లేఖ వెళ్లింది, ఏ తేదీన వెళ్లింది, జవాబు రాకపోతే రిమైండరు ఏనాడు పంపాలి అన్నది అందులో ఉంటుంది. ఏ తేదీన ఏ రిమైండరు వెళ్లాలో చూపే డైరీ వేరుగా ఉంటుంది. చివరి ఉత్తర్వు పడే వరకు ఆ నంబరు మూతపడదు. ఫైళ్లు ఆలస్యమవుతాయని ప్రజలు విసుక్కోవడం న్యాయమే. కాని ఏ కాగితం ఎక్కడ ఆగిందో చెప్పగల ఏర్పాటు మాత్రం ఆ పద్ధతిలో ఉన్నది. దానిని మన పిల్లల ఉద్యోగ ప్రయత్నానికి అన్వయించుకోవడమే నేను చెప్పే ఉపాయం. దాని సారం ఒక్క వాక్యం: చేతిలో ఉన్న ప్రతి దరఖాస్తుకూ ‘తదుపరి తేదీ’ ఒకటి రాసి ఉండాలి.

ఒక రూళ్ల పుస్తకం తీసుకుని, లేదా ఫోనులో గూగుల్ షీట్స్ తెరిచి ఎనిమిది గడులు గీయండి. ఒకటి, వరుస సంఖ్య. రెండు, సంస్థ పేరు, ఊరు. మూడు, ఉద్యోగం పేరు, ప్రకటన సంఖ్య. నాలుగు, దరఖాస్తు పంపిన తేదీ, దాని ఆఖరు తేదీ. ఐదు, ఏ మార్గంలో పంపారు, ఏ రెజ్యూమె పంపారు. ఆరు, అక్కడ సంప్రదించవలసిన వారి పేరు, మెయిలు. ఏడు, ఇంతవరకు జరిగినది. ఎనిమిది, తదుపరి తేదీ, ఆనాడు చేయవలసిన పని. ఉద్యోగ ప్రకటనను కూడా ఫోటో తీసి భద్రపరచండి. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చేనాటికి ఆ ప్రకటన వెబ్‌సైటులో ఉండకపోవచ్చు.

ఇక తేదీల సంగతి. జూన్ 3న దరఖాస్తు పంపారనుకుందాం. ప్రకటనలో ఆఖరు తేదీ లేకపోతే వారం రోజులు ఆగి జూన్ 11న మొదటి లేఖ రాయండి. ఆఖరు తేదీ జూన్ 15 అని ఉంటే లెక్కను ఆ 15 నుంచే మొదలుపెట్టండి, గడువు ముగియకుండానే అడగడం తొందరపాటు అవుతుంది. జవాబు లేకపోతే మరో పది రోజులకు రెండవ లేఖ. దానికీ జవాబు లేకపోతే రెండు వారాలు చూసి, పనివేళలలో ఒక్కసారి ఫోను చేసి మర్యాదగా అడగండి. అంతటితో “స్పందన లేదు” అని రాసి, తేదీ వేసి ఆ వరుసను మూసివేయండి. మూడు సార్లకు మించి వెంటపడితే గౌరవం తగ్గుతుంది, ఒక్కసారీ అడగకపోతే అవకాశం తగ్గుతుంది. ఇంటర్వ్యూ జరిగిన చోటికి మాత్రం మరునాడే కృతజ్ఞత తెలుపుతూ రెండు వాక్యాలు రాయాలి. “పది రోజులలో చెబుతాం” అని వారన్నట్లయితే పన్నెండవ రోజును మీ తదుపరి తేదీగా రాసుకోండి.

లేఖలో ఏమి రాయాలని పిల్లలు అడుగుతుంటారు. ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా దాని సారం ఇంతే: “అయ్యా, మీ సంస్థలోని అకౌంట్స్ అసిస్టెంటు ఉద్యోగానికి జూన్ 3న దరఖాస్తు పంపాను. అది మీకు అందినదీ లేనిదీ, ఎంపిక ఏ దశలో ఉన్నదీ తెలియజేయగోరుతున్నాను. అవసరమైన ధ్రువపత్రాలను వెంటనే పంపగలను. నా ఫోను నంబరు కింద ఇస్తున్నాను.” ఇందులో బతిమాలడం లేదు, నిష్ఠూరం లేదు, ఇంటి కష్టాల వర్ణన లేదు. కొత్త మెయిలుగా కాక, మొదట పంపిన మెయిలుకే కొనసాగింపుగా దీనిని పంపండి. పాత దరఖాస్తును వెదుక్కునే శ్రమ వారికి తప్పుతుంది.

నలభై చోట్ల దరఖాస్తు చేసినవాడు ఇన్ని తేదీలను ఎలా గుర్తుంచుకుంటాడని మీరు అడగవచ్చు. గుర్తుంచుకోనక్కరలేదు. ఆ పనిని యంత్రానికి అప్పగించండి. మీ చేతిలోని ఫోనే మీ రిమైండరు డైరీ. గూగుల్ క్యాలెండరులో తదుపరి తేదీని వేసి, ఉదయం తొమ్మిది గంటలకు గుర్తుచేయమంటే అది తప్పక గుర్తుచేస్తుంది. షీట్స్‌లో దరఖాస్తు తేదీకి ఎనిమిది రోజులు కలిపే చిన్న సూత్రం రాస్తే తదుపరి తేదీ దానంతట అదే పడుతుంది. ఆ తేదీ వచ్చినా, దాటినా ఆ గడి ఎర్రగా మారేటట్లు కూడా ఏర్పాటు చేసుకోవచ్చు. కంప్యూటరు తెలిసిన పిల్లలు పది నిమిషాలలో చేసిపెట్టగల పని ఇది. జీమెయిల్‌లో ఉద్యోగాలకు సంబంధించిన మెయిళ్లన్నీ ఒకే లేబుల్ కిందికి చేరేటట్లు ఫిల్టరు పెట్టుకోవచ్చు. లేఖను ఈ రాత్రే రాసిపెట్టి, సోమవారం ఉదయం పది గంటలకు వెళ్లేటట్లు షెడ్యూలు చేయవచ్చు. ప్రభుత్వపు నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లోను, నౌకరీ, లింక్డ్‌ఇన్ వంటి చోట్లను పేరు నమోదు చేసుకుని, మీకు తగిన ఖాళీల సమాచారం మెయిలుకు వచ్చేటట్లు చూసుకోవచ్చు.

అయితే యంత్రానికి అప్పగించదగని పనులు కూడా ఉన్నవి. జ్ఞాపకం చేయడం యంత్రం పని, మాట్లాడడం మనిషి పని. షెడ్యూలు చేసిన లేఖ వెళ్లేలోగా అవతలివారి జవాబు వచ్చి ఉండవచ్చు. జవాబిచ్చిన వారికి “మీ నుంచి స్పందన లేదు” అన్న లేఖ వెళితే అది మనకే నష్టం. కనుక లేఖ వెళ్లే రోజు ఉదయం ఒకసారి మెయిలు చూసి, అవసరమైతే దానిని రద్దు చేయాలి. ఒకే లేఖను పేర్లు మార్చి వందమందికి పంపే యంత్రాలున్నవి. ఒక సంస్థ పేరున మరొక సంస్థకు లేఖ వెళ్లిన సందర్భాలను నేను చూశాను. మీ బదులు మేమే దరఖాస్తు చేస్తామంటూ పాస్‌వర్డు, ఓటీపీ అడిగే వారిని దగ్గరకు రానీయవద్దు. మనం జవాబుకోసం ఎదురుచూస్తున్న సమయాన్నే మోసగాళ్లు కనిపెట్టి ఉంటారు. “ఎంపికయ్యారు, రిజిస్ట్రేషను రుసుము కట్టండి” అని ఫోను వస్తే ముందు మీ రిజిస్టరు చూడండి. ఆ సంస్థ పేరు అందులో లేకపోతే అది మీరు దరఖాస్తు చేయని ఉద్యోగం. ఉన్నా సరే, డబ్బు అడిగితే ఆగి విచారించండి. గల్ఫ్ ఉద్యోగమైతే ఆ ఏజెంటు పేరు కేంద్ర విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉన్నదో లేదో చూసిన తరువాతే పాస్‌పోర్టు చేతికివ్వండి.

ప్రభుత్వోద్యోగాల విషయంలో పద్ధతి కొంత మారుతుంది. సర్వీసు కమిషన్లకు రిమైండరు రాసి ప్రయోజనం లేదు. అక్కడ ఫాలోఅప్ అంటే తేదీలను కనిపెట్టి ఉండడమే. నోటిఫికేషను వెలువడిన రోజునే దరఖాస్తు ఆఖరు తేదీ, సవరణలకు ఇచ్చే గడువు, హాల్ టికెట్టు, పరీక్ష తేదీలను క్యాలెండరులో వేయాలి. ప్రాథమిక కీ, అభ్యంతరాల గడువు, ధ్రువపత్రాల పరిశీలన తేదీలను అవి వెలువడిన నాడే ఎక్కించాలి. వెబ్‌సైటును వారానికి రెండుసార్లు చూడాలని కూడా ఒక రిమైండరు పెట్టుకోవాలి. సందేశం ఫోనుకు వస్తుందిలే అన్న భరోసా చాలదు.

ధ్రువపత్రాల విషయంలో మన కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కులున్నవి. పదవ తరగతి మెమోలో మహమ్మద్, ఆధార్‌లో ఎం.డి., డిగ్రీలో మొహమ్మద్. ఒక చోట షేక్ ముందు, మరొక చోట వెనుక. పేరు మనిషిని మార్చదు గాని, పరిశీలన బల్ల దగ్గర నిలబెట్టి ప్రశ్నలు వేయిస్తుంది. ఈ సవరణలకు నెలలు పడతాయి. కనుక ఇవి కూడా తదుపరి తేదీతో మీ రిజిస్టరులో ఎక్కవలసిన పనులే. బీసీ-ఇ వర్గాలవారు కుల ధ్రువపత్రంతోపాటు క్రీమీలేయరుకు చెందరన్న పత్రాన్ని నోటిఫికేషను రాకముందే సిద్ధం చేసుకోవాలి. రాష్ట్రంలో బీసీ-ఇ అయినంత మాత్రాన కేంద్ర ఉద్యోగాలలో ఓబీసీ కారు. కేంద్ర జాబితా వేరుగా ఉన్నది, అందులో మీ వర్గం ఉన్నదో లేదో చూసుకుని దరఖాస్తు చేయాలి. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరాన్ని బట్టి ఉంటుంది గనుక దాని గడువు తేదీకి నెల ముందే ఫోను మోగేటట్లు చూసుకోండి.

ప్రభుత్వ సంస్థ మౌనం వహిస్తే దానిని అడిగే హక్కును 2005 సమాచార హక్కు చట్టం మనకిచ్చింది. ఎన్ని ఖాళీలు భర్తీ అయ్యాయి, వాటిలో రిజర్వుడు స్థానాలెన్ని, నా దరఖాస్తు ఏ దశలో ఉన్నది అని రాతపూర్వకంగా అడగవచ్చు. 30 రోజులలో సమాచారం ఇవ్వాలి. ఇవ్వకపోతే, లేదా ఇచ్చినది తృప్తికరంగా లేకపోతే 30 రోజులలో మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజులలో సమాచార కమిషనుకు రెండవ అప్పీలు వేయాలి. చూశారా, ఇక్కడ కూడా అంతా తేదీల మీదే నడుస్తున్నది. తేదీ తప్పిపోయిన హక్కు చేతికి రాదు. దరఖాస్తు ఇచ్చిన రోజునే 31వ రోజును క్యాలెండరులో గుర్తు పెట్టండి.

ఇప్పుడు తల్లిదండ్రులతో ఒక్క మాట. ఆడపిల్లల దరఖాస్తులలో తండ్రి నంబరో, అన్న నంబరో ఇవ్వడం మన ఇళ్లలో పరిపాటి. ఎం.ఎస్సీ. చదివిన ఒక అమ్మాయి మందుల కంపెనీలకు దరఖాస్తులు పంపి ఏడాదిపాటు ఎదురుచూసింది. రిజిస్టరు రాయించడం మొదలుపెట్టి, పంపిన రెజ్యూమెను తీయించి చూస్తే అందులో ఉన్నది దుబాయి వెళ్లిన అన్న వాడి వదిలేసిన నంబరు. ఎన్ని ఫోన్లు ఆ నంబరుకు వచ్చి ఉంటాయో ఎవరు చెప్పగలరు? ఆమె తన నంబరు, తన మెయిలు పెట్టి, పాత దరఖాస్తులన్నిటికీ వరుసగా లేఖలు రాసింది. రెండు చోట్ల నుంచి “మీకు ఫోను చేశాం, దొరకలేదు” అని జవాబు వచ్చింది. అంతవరకు ఆ ఇంట్లో అందరూ తమ పేరు చూసే పక్కన పెట్టారని నమ్మి ఉన్నారు. అమ్మాయి చదువుకు ఖర్చు పెట్టగలిగిన తండ్రి, ఆమె ఫోను ఆమె చేతిలో ఉంచడానికి సంకోచించకూడదు. పిలిచినవారితో మాట్లాడేది కూడా ఆమే కావాలి.

మరి నిజంగానే పేరు అడ్డుపడిన చోట ఏమి చేయాలి? ప్రభుత్వోద్యోగాలలో మతాన్ని బట్టి వివక్ష చూపరాదని రాజ్యాంగం 16వ అధికరణం చెబుతున్నది. ప్రైవేటు రంగంలో మతాన్ని బట్టి ఉద్యోగం నిరాకరించడాన్ని నిషేధించే సమగ్రమైన చట్టం మన దేశంలో లేదు. సమాన అవకాశాల కమిషను ఏర్పాటు చేయాలని సచార్ కమిటీ సిఫారసు చేసింది. దాని స్వరూపాన్ని నిర్ణయించడానికి ఆచార్య మాధవ మీనన్ అధ్యక్షతన ఏర్పాటైన నిపుణుల బృందం 2008లో నివేదిక కూడా ఇచ్చింది. ఆ కమిషను మాత్రం రాలేదు. దానిని అడగవలసిన వారం మనమే. అడిగేటప్పుడు “మా పిల్లలకు ఉద్యోగాలు రావడం లేదు” అంటే అది విన్నపం అవుతుంది. “మా బస్తీలో ఇంతమంది పట్టభద్రులు, ఈ అర్హతలతో, ఈ తేదీలలో, ఇన్ని దరఖాస్తులు పంపారు, ఇన్నిసార్లు రాతపూర్వకంగా అడిగారు, ఇన్నిటికి జవాబు రాలేదు” అని కాగితం ముందు పెడితే అది సాక్ష్యం అవుతుంది. విన్నపాన్ని విని మరచిపోవచ్చు. సాక్ష్యానికి ఎప్పటికైనా జవాబు చెప్పవలసి వస్తుంది.

అందుచేత మన మస్జిద్ కమిటీలను, సంక్షేమ సంఘాలను, యువజన సంఘాలను ఒకటే కోరుతున్నాను. ప్రతి బస్తీలో వారానికొక సాయంత్రం గంటసేపు ఉద్యోగార్థులను కూర్చోబెట్టండి. ఎవరి రిజిస్టరు వారు తెచ్చుకుంటారు. ఆ వారం ఎర్రబడిన గడులేవో చూసి అక్కడే లేఖలు రాసి పంపుతారు. కంప్యూటరు తెలిసినవారు తెలియనివారికి షీటు తయారుచేసి ఇస్తారు. నావంటి విశ్రాంత ఉద్యోగులు లేఖల భాష సరిచూస్తారు. దీనికి భవనం అక్కరలేదు, నిధులు అక్కరలేదు. ఆరు నెలలకొకసారి, పిల్లల అనుమతితో, వారి పేర్లు తీసివేసి లెక్కలు మాత్రం ఒకచోట కూర్చండి. ఏ అర్హత లోపించి పిల్లలు వెనుకబడుతున్నారో ఆ లెక్కే చెబుతుంది, దానిని మనం దిద్దుకోవాలి. ఏ చోట అర్హత ఉండీ తలుపులు తెరుచుకోవడం లేదో కూడా ఆ లెక్కే చెబుతుంది, దాని మీద మనం పోరాడాలి.

యువతీ యువకులారా, మీరు పంపిన దరఖాస్తు వెనుక పదిహేనేళ్ల చదువున్నది, తల్లిదండ్రుల కష్టార్జితం ఉన్నది. దానిని జవాబు లేకుండా వదిలివేయవద్దు. ఈ రాత్రి పడుకోబోయే ముందు, గత మూడు నెలలలో పంపిన దరఖాస్తులన్నీ మెయిలులో వెదికి ఎనిమిది గడులలో ఎక్కించండి. ప్రతి దానికీ ఒక తదుపరి తేదీ వేయండి. రేపు ఉదయం వాటిలో ఒక్కదానికైనా నాలుగు వాక్యాల లేఖ పంపండి.